విషయం: నల్లి దగ్గర అమ్మ వంతు

కన్నడసీమ అంచున చింతామణిలో, అర్జీలు పుచ్చుకునే మనవి కేంద్రం మెట్ల పక్కన, రేకు నీడలో, మునినారాయణ బల్ల ఉంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆయన పని ఒకటే: జనం తెలుగులో చెప్పుకున్నది విని కన్నడలో అర్జీ రాసివ్వడం. "మా అత్త చచ్చిపోయి మూడేండ్లాయ, రేషన్ కార్డులో మాత్రం ఇంకా బతికే ఉండాదప్పా" అని ఒకామె ముక్కు చీదుకుంటూ చెబుతుంది. ఆమె ముక్కు తుడుచుకునేలోపల "మాన్యరే", అంటే అయ్యా, అని మొదలై, "విషయ" అని ఒక గీత పడి, అత్త మర్యాదగా కార్డులోంచి దిగిపోవడానికి కావలసిన మాటలన్నీ కాగితం మీద వరసకట్టేస్తాయి.

అర్జీ ఎవరిదైతే వాళ్ళ నోటితో "నేను" అని రాయాలి. ఆ విధంగా మునినారాయణ కాగితం మీద విధవరాలయ్యాడు, మేకలు పోగొట్టుకున్నాడు, ఒకసారి ఎనిమిదో నెల గర్భిణి కూడా అయ్యాడు. తన పేరు మీద మాత్రం ఒక్క అర్జీ రాసుకోలేదు. అడగడానికేమీ లేక కాదు. సిగ్గు.

ఆయనకు ఇంకొక సిగ్గు కూడా ఉంది. కవిత్వం రాస్తాడు.

ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. కాబట్టి మాటలు తెలుగువి, అక్షరాలు కన్నడవి. ఈ సీమలో అదేం వింత కాదు, సగం ఊరు తెలుగులో తిట్టుకుని కన్నడలో సంతకం పెడుతుంది. వింత వేరే ఉంది. ముప్పై ఏళ్ళ అలవాటు పెన్నులోకి ఎంత దిగిపోయిందంటే, ఏ కవిత రాయబోయినా అది అర్జీగానే బయటికి వస్తుంది. "విషయ: బస్టాండు కాకి నా బన్ను ఎత్తుకుపోయిన గురించి." "విషయ: బేకరీ ముందర పోయేటప్పుడు కాళ్ళు తమంతట తామే నిలిచిపోవు గురించి." ఒకసారి "మాన్యరే" లేకుండా మొదలుపెడదామని గంటసేపు కూర్చున్నాడు. పెన్ను కదల్లేదు. కాగితం మూలన చిన్నగా "మాన్యరే" అని రాసి పెట్టాడో లేదో, చినుకుల మీద పన్నెండు పంక్తులు గబగబా వచ్చేశాయి.

ఆ కాకి కాగితం ఒకరోజు భార్య సుజాతమ్మ చేతిలో పడింది.

"ఏమప్పా, బన్ను పోయిందని గవర్మెంటుకు రాస్తాండావా? నాతో చెప్తే ఇంకోటి తెచ్చియ్యనా?" అని ఆమె రెండు రోజులు నవ్వింది. మూడో రోజు చెల్లెలికి ఫోన్ చేసి మరీ నవ్వింది. అప్పటినుంచి ఆయన కవితల్ని బల్ల కింది సొరుగులోనే ఉంచుకున్నాడు. ఇంట్లో ఆ ఊసు ఎత్తలేదు.

చాలా ఏళ్ళుగా ఆయన రాయాలనుకుని రాయలేకపోయిన కవిత ఒకటుంది. అది వాళ్ళ వీధి నల్లి గురించి. నల్లి అంటే కొళాయి. ఆయన చిన్నప్పుడు వీధికంతా ఒకటే నల్లి, పొద్దున ఆరింటికి నీళ్ళు. తొలికోడి కూయకముందే ఆడవాళ్ళు పోయి వరసలో తమ తమ రాళ్ళు పెట్టి వచ్చేవాళ్ళు. ఏ రాయి ఎవరిదో వీధికంతా తెలుసు. నీళ్ళు రావడానికి ముందు నల్లిలోంచి గాలి తన్నుకొచ్చేది. ఆ చప్పుడుకు అమ్మ ఒక పేరు పెట్టింది. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు, ఎవరి ఇంట్లోనూ లేదు. ఆ మాట అమ్మ నోట వినపడిందంటే బిందె ఎత్తుకుని పరుగెత్తాలి. అమ్మ పోయి పన్నెండేళ్ళయింది. అంతకు ముందే రోడ్డు వెడల్పులో నల్లి పోయింది. ఆ తర్వాత ఎప్పుడో, ఆయనకు తెలియకుండానే, ఆ మాటా పోయింది. ఆ మాట లేకుండా ఆ కవిత రాయడం, ఉప్పు లేకుండా సంగటి కెలకడం లాంటిదని ఆయన ఆగిపోయాడు.

ఒక బుధవారం పదకొండు గంటలప్పుడు, ఎదురుగా హోటలువాళ్ళు ట్యాంకరు పైపు విప్పారు. గాలి తన్నుకొచ్చింది. ఆ గాలితోపాటే అమ్మ మాట వచ్చి మునినారాయణ చెవిలో పడింది. ఆయన చేతిలో ఉన్న కాగితం మీదనే, ఊపిరి బిగబట్టి, మొదటినుంచి చివరిదాకా ఒక్క కొట్టివేత లేకుండా రాసేశాడు.

చివరి గీత గీస్తుండగా బట్లహళ్ళి కెంపమ్మ వచ్చింది. ఆమె ఇంటి ముందర కరెంటు కంబం ఒరిగిపోయి తొమ్మిదేళ్ళు. దాన్ని నిలబెట్టమని ఇప్పటికి పదకొండు అర్జీలు పెట్టింది. పన్నెండోది ఆయన పొద్దున్నే రాసి ఉంచాడు.

"అయిందా నారాణప్పా? నా బస్సు పోతాది."

"ఇదో కెంపక్కా, తీసుకో" అని మునినారాయణ, ఇంకా ఆ నల్లి దగ్గరే ఉన్న మనిషి, చేతికందిన కాగితం ఇచ్చేశాడు. ఆమె దాన్ని కౌంటరులో ఇచ్చి, చీటీ తీసుకుని, బస్సెక్కి పోయింది.

అన్నం తినేటప్పుడు చూసుకుంటే బల్ల మీద కంబం ఉంది. నల్లి లేదు. సరే, మళ్ళీ రాసుకుందామని కాగితం తీశాడు. అంతా గుర్తుంది. ఇట్లా రాశాడు:

*మాన్యరే,*
*విషయ: నల్లి దగ్గర మా అమ్మ వంతు గురించి.*

*బిందెలైతే ఎవరన్నా ఎత్తుకుపోతారని*
*మా వీధిలో రాళ్ళు పెట్టేవాళ్ళం.*
*మా అమ్మ రాయి కుందేలు చెవి మాదిరి ఉండేది.*
*దాని ముందర వకీలింటి రాయి,*
*వెనక ఇడ్లీలామె రాయి.*
*నల్లిలో .................... అనగానే*
*రాళ్ళన్నీ ఆడవాళ్ళయ్యేవి.*
*నల్లి తీసేసినారు. రోడ్డు వేసినారు.*
*నీళ్ళు మాకు చాలినన్ని ఉన్నాయి, అవి అడగడం లేదు.*
*మా అమ్మ రాయి ఇప్పుడు యాడుండాదో,*
*దాని ముందర ఇంకా ఎంతమంది ఉన్నారో*
*దయచేసి తెలపవలెనని*
*వినంతి.*

ఆ చుక్కల దగ్గర పెన్ను ఆగిపోయింది. బుస్సు అని ఏదో. కాదు, గుర్రు అని. ట్యాంకరు వెళ్ళిపోయింది. హోటలువాళ్ళను పైపు మళ్ళీ ఒకసారి విప్పుతారా అని అడుగుదామని లేచి, ఏమని అడగాలో తెలియక కూర్చున్నాడు. ఆ మాట ఇప్పుడు లోకంలో ఒకే ఒక్క చోట ఉంది. మనవి కేంద్రంలో, కౌంటరు వెనక.

కౌంటరులో దేవరాజ్ ఉన్నాడు. శివమొగ్గ వైపు మనిషి, వచ్చి మూడు నెలలు. తెలుగు అరకొరగానే వచ్చు, కానీ నేర్చుకోవాలని మహా పట్టుదల.

"సార్, పొద్దున కెంపమ్మ ఇచ్చిన కాగితం తప్పు కాగితం. తిరిగిస్తే..."

"ఇన్‌వర్డ్ ఆయ్తు సార్" అన్నాడు దేవరాజ్. లోపలికి వచ్చిన కాగితం మళ్ళీ బయటికి పోదని దానర్థం.

"అది అర్జీ కాదు సార్."

"మత్తే ఏను?" మరేమిటని.

మునినారాయణ నోరు తెరిచాడు. పద్యం అన్న మాట గొంతులో అడ్డంగా పడుకుంది. "వేరే కాగితం" అన్నాడు.

దేవరాజ్ జాలిగా చూశాడు. "సార్, మాన్యరే ఉంది. విషయ ఉంది. వినంతి ఉంది. నాను పూర్తిగా చదివినాను, గట్టిగా. భాష తెలీలేదు. కష్ట తెలిసింది. నల్లి అని ఉంది, అందుకే నీరు విభాగానికి పంపించినాను."

ఇంక ఒకటే దారి. అర్జీదారు స్వయంగా వెనక్కి తీసుకుంటానంటే కాగితం తిరిగి వస్తుంది. అర్జీదారు కెంపమ్మ. సోమవారం ఆమే వచ్చింది, ఫోన్ ముందుకు చాపి, వెలిగిపోయే మొహంతో.

"చూడు నారాణప్పా, ఏమో మెసేజీలు వస్తాండాయి. పదకొండు అర్జీలకు ఒక్క మెసేజీ రాలేదు. ఈసారి ఏం రాసినావప్పా, నీ చేతికి బంగారు కడియం తొడగాల!"

మునినారాయణ చదివాడు. మొదటిది: మీ అర్జీ నీళ్ళ విభాగానికి పంపబడింది. రెండోది: ఆ స్థలంలో నల్లి లేదు, అర్జీదారు నీళ్ళు అడగడం లేదని కూడా తానే రాసి ఉన్నారు, కాబట్టి ఈ విషయం మా విభాగానికి చెందదు. మూడోది: విషయం రాయికి సంబంధించినది గనుక రాతి విభాగానికి పంపబడింది.

"కెంపక్కా, నీకు తప్పు కాగితం ఇచ్చినా. అందులో కంబం లేదు. రాయి ఉండాది."

"ఉండాల కదా మరి! ఒరిగిన కంబానికి దన్ను రాయి లేకుండా ఎట్ల నిలబెడతారు?"

"అట్ల కాదక్కా. దాన్ని వెనక్కి తీసుకో. నీది నేను మళ్ళీ రాసిస్తా, ఇంకా బాగా."

కెంపమ్మ ఫోన్ వెనక్కి లాక్కుని కొంగులో దాచుకుంది. "నడిచే ఎద్దును కూర్చోమంటావేమప్పా? తొమ్మిదేండ్లకు ఒక కాగితం కదిలింది. ప్రాణం పోయినా వెనక్కి తీసుకోను."

నాలుగో మెసేజీ బుధవారం వచ్చింది. గురువారం స్థల పరిశీలన. స్థలం అంటే అర్జీదారు విలాసం, అంటే బట్లహళ్ళి. రాసినవాడు పక్కనుండాలని కెంపమ్మ పట్టుబట్టింది. జీపులో ఫైలు వస్తుంది, ఫైలులో కాగితం ఉంటుంది, కాగితంలో ఆ పంక్తి ఉంటుంది. మునినారాయణ పొద్దున్నే బస్సెక్కాడు.

జీపులోంచి రాతి విభాగం సునీల్‌కుమార్ కొలత టేపు పట్టుకుని దిగాడు. ఫైలు చంకలో ఉంది. తాడు ముడేసి ఉంది.

"సార్, ఆ కాగితం ఒకసారి..."

"నువ్వెవరు?"

"రాసినవాణ్ణి."

"ఆమె చెప్పింది రాసేవాడివి, నీకెందుకయ్యా ఫైలు? ఏమమ్మా, కుందేలు చెవి మాదిరి రాయి యాడుండాది?"

కెంపమ్మ క్షణం కూడా తడబడలేదు. "ఎట్లాంటిది కావాల సార్? పెద్ద కుందేలా, చిన్న కుందేలా?"

ఈలోపల ఊర్లో మాట పాకిపోయింది: గవర్మెంటు రాళ్ళు రాసుకుంటాంది. ఎందుకు రాసుకుంటాందో ఎవరికీ తెలియదు. రాసుకునేటప్పుడు మనది లేకపోతే రేపు బాధపడాల్సింది మనమే కదా. బయ్యప్ప తిరగలి రాయి భుజాన పెట్టుకొచ్చాడు. ఎవరో గడప ముందర బట్టలుతికే బండ ఇద్దరు పట్టి మోసుకొచ్చారు. ఒక ముసలాయన తాను రోజూ కూర్చునే రాయిని దొర్లించుకుంటూ వచ్చి, దాని మీదే కూర్చున్నాడు.

"నాది ముందు చూడు సార్!"

"నీదేమి, నేను పొద్దున్నించి ఉండా!"

"కొట్లాడకండి!" అని కెంపమ్మ అరిచింది. "వరసగా పెట్టి పొయ్యి నీడలో కూర్చోండి. రాళ్ళు యాడికీ పోవు!"

జనం రాళ్ళు వరసగా పెట్టి నీడలోకి జరిగారు. రోడ్డు పక్కన, ఎండలో, మనుషులు లేకుండా, ఇరవై మూడు రాళ్ళు తమ వంతు కోసం చూస్తున్నాయి. ఎవరిది ఏదో అందరికీ తెలుసు.  మునినారాయణ వరస మొదటినుంచి చివరిదాకా ఒకటికి రెండుసార్లు నడిచాడు. కుందేలు చెవి లేదు. ఉండదని తెలుసు. అయినా వంగి చూశాడు.

సునీల్‌కుమార్ నాలుగు రాళ్ళు కొలిచి, చెమట తుడుచుకుని, ఇంక చాలన్నాడు.

"సార్, నా కంబం?" అంది కెంపమ్మ.

"ఈ అర్జీలో కంబం లేదమ్మా. రాయి ఒకటే ఉండాది. కంబం సంగతి నేను చూడనుకూడా చూడకూడదు" అని ఆయన నిజంగానే కంబం వైపు చూడకుండా మొహం పక్కకు తిప్పుకుని జీపెక్కాడు.

ముందుకు పోవడానికి రాళ్ళు అడ్డం. డ్రైవరు వెనక్కి తీశాడు. ధడేల్‌మని చప్పుడైంది. తీగలు ఊగాయి, కాకులు లేచాయి. ఊరంతా కళ్ళు మూసుకుని తెరిచింది. తొమ్మిదేళ్ళుగా ఒరిగి ఉన్న కంబం, బడిలో పిల్లవాడు మేష్టరును చూసి లేచినట్టు, నిటారుగా నిలబడి ఉంది.

 డ్రైవరు దిగి బంపరు తడుముకున్నాడు. కెంపమ్మ కంబం చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, దాన్ని వేలితో తోసి చూసి, "యాడ పెట్టాల సార్ సంతకం?" అంది.

"అర్జీదారు తృప్తి చెందారు" అని సునీల్‌కుమార్ రాసుకున్నాడు. ఫైలు మూసుకుంది. మూసిన ఫైలు నెల తిరిగేలోపల జిల్లాకు, చిక్కబళ్ళాపురానికి పోతుంది. అక్కడ అది ఏ కట్ట కింద పడుతుందో పంపినవాళ్ళకే తెలియదు.

శుక్రవారం మునినారాయణ ముప్పై ఏళ్ళలో మొదటిసారి ఆ మెట్లు తన పనికోసం ఎక్కాడు. లోపల అధికారి శశికళ మేడం. బాగేపల్లి ఆమె, తెలుగు మనిషి.

"ఏమి మునినారాయణప్పా, ఎవరి అర్జీ?"

"నాది మేడం."

ఆమె పెన్ను దించింది. ఆయన బల్ల అంచు పట్టుకుని, నేలను చూస్తూ, ఒకే ఊపిరిలో చెప్పేశాడు. కెంపమ్మ కాగితం కెంపమ్మది కాదు. అది అర్జీ కాదు. అది పద్యం. రాసింది నేను. 

శశికళ నవ్వలేదు. ఫైలు తెప్పించి చదివింది, పెదాలు కదుపుతూ. 

"ఇందులో మీ అమ్మ ముందర ఇంకా ఎంతమంది ఉన్నారని అడిగినావు కదా."

"అవును మేడం."

"దానికి ఎవరూ జవాబు రాయలేదే! జవాబు లేకుండా ఫైలు ఎట్ల మూసినారు?" అని ఆమె దేవరాజ్ వైపు తిరిగింది. దేవరాజ్ కంగారుగా ఫైలంతా తిరగేశాడు.

"పోనీ మేడం" అన్నాడు మునినారాయణ. "నా కాగితం నాకు ఇప్పించండి, చాలు."

"ఇస్తా. ఇది అర్జీ కాదని రాసి సంతకం పెట్టు."

దేవరాజ్ చెయ్యెత్తాడు. అర్జీ కాకపోతే పరిశీలన జరగనట్టే. పరిశీలన జరగకపోతే జీపు బట్లహళ్ళి పోనట్టే. జీపు పోకపోతే, ఆ కంబం ఏ ఆధారం మీద నిటారుగా ఉన్నట్టు? నియమం ప్రకారం దాన్ని మొదటి స్థితికి తేవాలి, అన్నాడు కన్నడలో, బాధగా.

ముగ్గురూ కాసేపు ఆ కంబం గురించి ఆలోచించారు.

"సంతకం పెట్టను మేడం" అన్నాడు మునినారాయణ చివరికి. "కాగితం ఈడే ఉండనీ. ఒక్క పంక్తి చూసుకుని పోతా."

శశికళ ఫైలు ఆయన వైపు తిప్పింది. ఆరో పంక్తి. "నల్లిలో" అని ఉంది. తర్వాత ఊదారంగు గుండ్రటి ముద్ర, నిండుగా, గట్టిగా గుద్దినది. ముద్ర అవతల "అనగానే" అని ఉంది. కాగితం వెలుగుకు పెట్టి చూశాడు. తిప్పి చూశాడు. ముద్ర లోపల మనవి కేంద్రం పేరు తప్ప ఏమీ కనపడలేదు.

"ముద్ర బాగా పడింది సార్" అన్నాడు దేవరాజ్, కొంచెం గర్వంగా. "కొత్త ప్యాడు."

మునినారాయణ దండం పెట్టి బయటికి వచ్చేశాడు. బల్ల దగ్గరికి పోవాలనిపించలేదు. పక్కన చిక్కమ్మ టీ అంగడి ముందర బెంచీ మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, రోడ్డు చూస్తూ ఉండిపోయాడు. కాసేపటికి దేవరాజ్ టీకి వచ్చి పక్కనే కూర్చున్నాడు.

"చిక్కమ్మా, ఒందు టీ. మొదట ఒక లోటా బుసబుడక ఇయ్యమ్మా."

మునినారాయణ తల తిప్పాడు.

"ఏమన్నావు సార్?"

దేవరాజ్ మొహం ఎర్రబడింది. "తప్పాయ్తా? నీరుకు తెలుగులో అదే కదా? మీ కాగితంలో చదివినాను. నల్లిలో బుసబుడక. నల్లిలో వచ్చేది నీరే కదా సార్?"

"వారం దినాలుగా ఇదే అడుగుతాండాడప్పా" అంది చిక్కమ్మ లోటా కడుగుతూ. "మొదటి దినం నవ్వి నవ్వి పాలు పొంగించినా. ఇప్పుడు నాకూ అదే నోటికొస్తాది. నిన్న ఇంటికాడ మా ఆయన్ని బుసబుడక తాగుతావా అంటే, మందు అనుకుని లేచొచ్చినాడు."

బుసబుడక. ముందర బుస్సుమని గాలి, వెనక బుడుక్కుమని నీళ్ళు. ఇంకేముంటుంది? ఇంతే కదా! మునినారాయణ దాన్ని పెదాల మీద పెట్టుకుని రెండుసార్లు అటూ ఇటూ దొర్లించాడు. తర్వాత, మళ్ళీ ఎక్కడ పోతుందోనని, పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాడు.

"తప్పా సార్?" అన్నాడు దేవరాజ్ మళ్ళీ.

"తప్పు లేదు సార్. సరిగ్గా అన్నావు. చిక్కమ్మా, నాకూ ఒక లోటా."

సాయంకాలం ఇంటికి పోయేసరికి సుజాతమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది. ఆయన చెప్పులు విడవకుండానే అరచేయి ఆమె ముందర చాపాడు. మనసులో సంతోషం ఎంత ఉందంటే, సిగ్గుకు చోటు లేదు.

"చూడు. మా అమ్మ అనే మాట. పన్నెండేండ్లుగా వెతుకుతాండా. ఎంతమంది తిరిగితే దొరికిందో తెలుసా? కెంపక్క, దేవరాజు, జీపు, ఇరవై మూడు రాళ్ళు..."

సుజాతమ్మ అరచేయి దగ్గరికి లాక్కుని చదివింది. ఆయన మొహం చూసింది. మళ్ళీ అరచేయి చూసింది.

"బుసబుడక. దీనికోసమా వారంగా అన్నం సరిగ్గా తినకుండా తిరిగినావు?"

"నీకు తెలుసా?"

"ఏమప్పా, నీ బుద్ధి బంగారం గానూ! పెండ్లయిన నాటినుంచి నల్లి తీసేసేదాకా మీ అమ్మ పక్కన బిందె పట్టుకుని నిలబడింది నువ్వా, నేనా? రోజూ పొద్దున నన్ను లేపేదే ఆ మాటతో కదా. ఒక్కసారి అడిగుంటే పొయ్యి కాడినుంచే చెప్పుండనా?"

 మునినారాయణ ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే నవ్వుతుందని భయం. ఆమె ఇప్పుడూ నవ్వుతోంది, చిక్కుడుకాయలన్నీ ఒళ్ళోంచి జారిపోయేటట్టు. అయితే ఆ నవ్వు ఉన్నట్టుండి తగ్గింది.

"ఆ రాయి కూడా నేనే కదా తీసి పెట్టింది" అంది.

"ఏ రాయి?"

"కుందేలు చెవిది. రోడ్డు వేసేటప్పుడు మీ అమ్మ ఎత్తుకొచ్చింది, ఆమె పోయినాక నేను తీసి పెట్టినా. తలుపు కొట్టుకోకుండా వెనక వాకిలికి అడ్డం పెట్టుండేది ఏమనుకుంటాండావు? రోజూ కాలి వేలు తగిలించుకుని తిట్టుకుంటావే, అదే."

ఆయన వెనక వాకిలి వైపు నడిచాడు. వెనకనుంచి సుజాతమ్మ గొంతు వినపడింది.

"ఇంకా ఏమేమి మర్చిపోయినావో ఒక అర్జీ రాసియ్యప్పా. నాకే రాయి. చూస్తా."

రాయి దగ్గర కూర్చుని మునినారాయణ జేబులోంచి కాగితం తీశాడు. "మాన్యరే" అని రాశాడు. ఒక్క క్షణం ఆలోచించి, దాన్ని కొట్టేసి, "సుజాతా" అని రాశాడు. పెన్ను ఆగలేదు.